మండువా ఇంటి మరమ్మతు డైరీ: ముందు నీళ్ల దారి, తర్వాతే గోడ

పాత పెంకుటిల్లు కొని నిలబెట్టుకుందామని చూస్తున్నవాళ్లకి పనికొస్తుందని ఈ డైరీ రాస్తున్నాను. ఇల్లు ఎంత ముచ్చటగా ఉందో ఇందులో ఉండదు. ఏది పాడైంది, ఎందుకు పాడైంది, ఏం కొలిచాం, ఏం మార్చాం, ఎంత అయింది, అంతే. కావాల్సినవాళ్లు అంకెలు అలాగే తీసుకోండి, మీ నేలకీ మీ వానలకీ తగ్గట్టు మార్చుకోండి.

ఇల్లు

కోనసీమలో, అమలాపురం నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఒక ఊరు. మండువా లోగిలి, బయటి కొలత 62 అడుగులు × 54 అడుగులు. మధ్యలో ఆకాశానికి తెరిచి ఉన్న మండువా 14 × 12. చుట్టూ ఎనిమిది టేకు స్తంభాలు. గోడలు 18 అంగుళాల మందం, ఇటుక, సున్నం. దూలాలు బర్మా టేకు, వాసాలు తాటివి, పైన బంగాళా పెంకు.

మండువా దూలం మీద "శ్రీముఖ" అని చెక్కి ఉంది. అరవై ఏళ్లకోసారి అదే సంవత్సరం వస్తుంది కాబట్టి 1873 కావచ్చు, 1933 కావచ్చు. స్థలం కొన్న పాత దస్తావేజు 1932 నాటిది, కాబట్టి ఇల్లు 1933–34లో లేచింది. పాత ఇల్లు ఎన్నాళ్లదో తేల్చుకోవడం సరదా కోసం కాదు. సిమెంటు లేని ఇల్లా, ఉన్న ఇల్లా అన్నది దాన్ని బట్టే తెలుస్తుంది, మరమ్మతు పద్ధతి మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ ఇంటికి అసలు దెబ్బ వయసు వల్ల తగల్లేదు. 1996 నవంబరు 6 తుఫాను తర్వాత హడావుడిగా చేసిన మరమ్మతుల వల్ల తగిలింది. పడమటి వైపు పెంకు ఎగిరిపోతే సిమెంటు రేకులు వేశారు, తడిసిన గోడలకి సిమెంటు ప్లాస్టరింగు కొట్టారు. అప్పటి పరిస్థితిలో తల మీద కప్పు ఉంటే చాలు, వాళ్లని తప్పుపట్టే పని లేదు. కానీ ఈ డైరీలో సగం పని ఆ రెండింటినీ విప్పడమే.

దశ 0: కాగితాలు

కొన్న ధర ఇక్కడ రాయను, ఊరిని బట్టీ సెంటు రేటుని బట్టీ మారిపోతుంది. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి విలువ మీద 7.5 శాతం అయింది, అది కూడా ఈ లెక్కల్లో లేదు.

గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో ఉన్న ఇల్లు కాబట్టి పొలానికి ఉన్నట్టు పట్టాదారు పాస్‌బుక్ ఉండదు. మేం చేసిన వరస:

1. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకుముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాలి. వెతికించాం.
2. పంచాయతీ ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లు ఎవరి పేరున ఉన్నాయో చూసి, ఆ పేరు నుంచి ఇప్పటి అమ్మకందారుల దాకా వంశవృక్షం గీసుకున్నాం.
3. అందులో ఉన్న ప్రతి మనిషికీ సంతకం అడిగాం.
4. హద్దులు తాడు పెట్టి కొలిపించి, నాలుగు వైపులా ఉన్నవాళ్ల ఎదుట ఒప్పించుకున్నాం.

మూడోదాని దగ్గరే నెలలు గడిచాయి. పెళ్లయి వెళ్లిపోయిన ఆడపడుచుల సంతకం ఎందుకండీ అని ఊళ్లో చాలామంది అన్నారు. ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచీ, కేంద్రం తెచ్చిన సవరణ 2005 సెప్టెంబరు 9 నుంచీ అమల్లో ఉన్నాయి. ఎవరికి ఏది వర్తిస్తుందో లాయరు చెప్తారు, కానీ కొనేవాడిగా నేను చెప్పేది ఒకటే, వాటా ఉన్నా లేకపోయినా ఆడపిల్లలందరి సంతకం తీసుకోండి. విదేశాల్లో ఉన్న ఒకరి దగ్గర్నుంచి జీపీఏ (ఆ మనిషి తరఫున ఇంకొకరు సంతకం పెట్టేందుకు ఇచ్చే అధికార పత్రం) తెప్పించాం. అది ఇక్కడికి చేరాక మూడు నెలల లోపు స్టాంపు వేయించుకోవాలి, ఆ గడువు చాలామందికి తెలియక మళ్లీ మొదటికొస్తున్నారు.

ఖర్చు (లాయరు, నకళ్లు, కొలత, ఇంజనీరు ఒకసారి చూసినందుకు): ₹46,000
ఇప్పటిదాకా మొత్తం: ₹46,000

దశ 1: కొలతలు, ఊతాలు

ఏదీ పీకకముందు కొలవాలి. సామాను పెద్దగా ఏమీ లేదు: ముప్పై మీటర్ల టేపు, నీళ్ల ట్యూబు లెవెల్, తూకం గుండు, మూలమట్టం, రెండు పిన్నులున్న తేమ మీటరు, నీళ్లలో ఉప్పు చూసే టీడీఎస్ మీటరు, ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు.

తేమ మీటరు కర్ర కోసం చేసింది. గోడ మీద అది చూపించే అంకె నిజమైన శాతం కాదు, ఒక చోటికీ ఇంకో చోటికీ పోల్చుకోవడానికి మాత్రమే. అందుకే ఒకే మీటరుతో, అవే చోట్ల, సుద్దతో గుర్తు పెట్టి చూశాం.

పడమటి గోడ (సిమెంటు ప్లాస్టరింగు ఉన్నది):
- 1 అడుగు ఎత్తులో 96
- 3 అడుగుల దగ్గర 88
- 5 అడుగుల దగ్గర 71

ఉత్తరం వైపు ధాన్యం గది గోడ (పాత సున్నం, ఎవరూ ముట్టుకోనిది):
- 1 అడుగు దగ్గర 74
- 3 అడుగుల దగ్గర 31
- 5 అడుగుల దగ్గర 17

రెండు గోడలూ ఒకే నేల మీద, ఒకే ఇటుకతో, ఒకే ఏడాది కట్టినవి. తేడా ఏమిటంటే, కింద నుంచి ఎక్కిన తేమ సున్నం గోడలో రెండడుగులు పోయేసరికి గాలికి ఆరిపోతోంది. సిమెంటు పూసిన గోడలో ఆరే దారి లేక పైకి పైకి పాకుతోంది. ఐదడుగుల పైన ఉప్పు పొక్కి పెచ్చులు ఊడటానికి కారణం అదే. ఈ ఆరు అంకెలు దొరికాక పని వరస మొత్తం మార్చాను. అంతకుముందు మేస్త్రీ ఇచ్చిన అంచనాలో మొదటి పని "గోడలకి వాటర్‌ప్రూఫ్ సిమెంటు" అని ఉంది, అది కొట్టేశాం.

దూలాలు: మండువా చుట్టూ ఉన్న నాలుగింటిలో మూడు గట్టివి. నైరుతి మూల దూలం గోడలోకి పోయిన చివర 14 అంగుళాల మేర పుచ్చిపోయింది. స్క్రూడ్రైవరు చేత్తో నొక్కితే పిడి దాకా దిగింది. మధ్యలో వంపు 38 మి.మీ.

కప్పు మీద టార్పాలిన్లు కట్టి, ఆ దూలం కింద సర్వి బాదులతో ఊతాలు పెట్టాం. బాదు కింద నేరుగా గచ్చు మీద కాకుండా మందపాటి చెక్క పలక వేయాలి, లేకపోతే గచ్చు పగిలి బాదు కుంగుతుంది.

ఖర్చు: టార్పాలిన్లు ₹18,500, బాదులూ జాకీలూ అద్దె ₹27,000, మీటర్లు ₹3,800, మొత్తం ₹49,300
ఇప్పటిదాకా మొత్తం: ₹95,300

దశ 2: నీళ్ల దారి

ఇంటి లోపలికి వాలే కప్పు దాదాపు 1,800 చదరపు అడుగులు. అంటే ఒక్క అంగుళం వాన పడితే మండువాలోకి 4,200 లీటర్లు దిగుతాయి. కోనసీమలో అక్టోబరు, నవంబరు వాయుగుండాలకి అంగుళాలు ఎన్ని పడతాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ నీరంతా పోవాల్సిన తూము నాలుగంగుళాల మట్టి గొట్టం, వీధి గోడ దగ్గర సిమెంటుతో మూసేసి ఉంది.

ఎందుకు మూశారో తవ్వితే తెలిసింది. వీధి మెట్లు రెండే కనిపిస్తున్నాయి, కానీ తవ్వుతుంటే కింద ఇంకో మూడు బయటపడ్డాయి, ఒక్కోటి 7 అంగుళాలు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేస్తూ పోవడంతో వీధి 21 అంగుళాలు పైకి లేచింది. తూము నోరు ఇప్పుడు రోడ్డు కంటే 9 అంగుళాలు కింద ఉంది. వాన పడితే వీధి నీళ్లే తూములోంచి ఇంట్లోకి వస్తున్నాయి, అందుకని మూసేశారు, మూసేశాక మండువాలో నిలిచిన నీరు పునాదిలోకి దిగడం మొదలైంది. 1986 ఆగస్టు గోదావరి వరదలో కూడా నీళ్లు అరుగు ఎక్కలేదని పక్కింటి మామ్మగారు చెప్పారు. ఆ ఎత్తు ఇప్పుడు మిగల్లేదు.

రోడ్డు దించలేం. కాబట్టి:

1. పాత తూము వీధి వైపు శాశ్వతంగా మూసేశాం. ఇటుక, సున్నంతోనే.
2. మండువా నుంచి పెరటి వైపు కొత్తగా 6 అంగుళాల గొట్టం, 70 అడుగుల పొడవు, ప్రతి 80 అడుగులకి ఒక అడుగు వాటం. అంటే మొత్తం దిగుడు పదిన్నర అంగుళాలు. అది పెరటి చివర బోదెలో (చిన్న కాలువలో) కలుస్తుంది.
3. గొట్టం నోట్లో జల్లెడ, రెండు చోట్ల చెయ్యి పెట్టి శుభ్రం చేసుకునే గుంటలు.
4. ఇంటి చుట్టూ గోడకి ఆనుకుని పోసిన సిమెంటు చప్టా మూడడుగుల వెడల్పున పగలగొట్టి, మట్టి తీసి, కంకర పోసి, బయటకి వాలు పెట్టాం.

ఇంకుడు గుంట ఎందుకు తవ్వలేదని అడుగుతున్నారు. ఇక్కడ వానాకాలంలో మూడు, నాలుగు అడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి. ఇంకడానికి చోటే ఉండదు. తెలంగాణలోనో, రాయలసీమలోనో అయితే అది మంచి ఆలోచనే.

మూడో పాయింటు దగ్గర ఒక వైఫల్యం. మొదట పెట్టిన జల్లెడ కన్నాలు చిన్నవి, మొదటి పెద్ద వానకి కొబ్బరి పూత, వేపాకు పేరుకుని నీరు మండువాలో ఆరంగుళాలు నిలబడింది. దాన్ని తీసి, ముప్పావు అంగుళం సందులున్న ఇనప చట్రం నిలువుగా పెట్టించాం. నిలువు చట్రానికి ఆకులు కింద అంటుకున్నా పైన నీరు పోతుంది.

ఖర్చు: ₹88,000
ఇప్పటిదాకా మొత్తం: ₹1,83,300

దశ 3: కప్పు

డబ్బులోనూ కాలంలోనూ అన్నిటికంటే పెద్ద దశ ఇదే. నైరుతి వానలు మొదలయ్యేలోగా మొత్తం విప్పి వేయడం కుదరదని తెలిశాక ఇంటిని నాలుగు భాగాలు చేసి, ఒక భాగం కప్పాకే ఇంకోటి విప్పాం.

*సిమెంటు రేకులు దించడం.* అవి ఆస్‌బెస్టాస్ రేకులు, పగలగొడితే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. పనివాళ్లు మామూలుగా పై నుంచి కిందకి తోసేస్తారు. ఇది ఒప్పుకోకండి. నీళ్లతో తడిపి, బోల్టు కోసి, రేకు రేకుగా చేత్తో దించాం. గుడ్డ మాస్కు చాలదు, సన్నని దుమ్ముని ఆపే ఫిల్టరు ఉన్నది కావాలి. దించిన రేకుల్ని మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టాం. వాటిని కోళ్ల షెడ్డుకి అడిగారు, ఇవ్వలేదు.

*దూలం.* తాళ్లరేవు వైపు పడవలు కట్టే కుటుంబానికి చెందిన వడ్రంగి ఒకాయన దొరకడం ఈ ఇంటి అదృష్టం. పడవ పలకలు అతికే పద్ధతే దూలానికీ పనికొచ్చింది. కొత్త దూలం వేద్దామని ఇంకొకరు చెప్పినప్పుడు ఈయన పాత కర్రని చేత్తో తట్టి, "ఇలాంటి కర్ర మళ్లీ రాదండి బాబు, చివరొక్కటీ మారుద్దాం" అన్నారు.

1. రెండు పది టన్నుల జాకీలు, రోజుకి 2 మి.మీ. మించకుండా ఎత్తడం. పొద్దున ఎత్తి, సాయంత్రం గోడ మీది పగుళ్లకి అంటించిన గాజు ముక్కలు చూడటం. గోడ కదిలితే ముందు అవే విరుగుతాయి.
2. 22 మి.మీ. లేచాక గుమ్మం పైన గాజు ముక్క విరిగింది. అక్కడితో ఆపాం. మిగిలిన 16 మి.మీ. వంపు అలాగే ఉంది. ఏళ్ల తరబడి వంగిన కర్రని పూర్తిగా తిన్నగా చేయాలని పట్టుబడితే దాని మీద ఆధారపడ్డ గోడ పగులుతుంది.
3. పుచ్చిన భాగం దాటి మంచి కర్ర వచ్చేదాకా కోశారు, 38 అంగుళాలు.
4. దూలం 10 × 7 అంగుళాలు, అతుకు పొడవు 30 అంగుళాలు, అంటే దూలం ఎత్తుకి మూడు రెట్లు. ఏటవాలు అతుకు, రెండు స్టీలు బోల్టులు.
5. గోడలోకి పోయే చివరకి జీడి నూనె రెండు పూతలు. ఈ నూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి.
6. గోడలో దూలం కూర్చునే చోట చుట్టూ అర అంగుళం గాలి సందు వదిలాం. దూలం పుచ్చింది ఇక్కడే, 1996 తర్వాత ఎవరో ఆ సందుని సిమెంటుతో బిగించేయడం వల్ల.

*వాసాలు.* తాటి వాసాల్లో చేవ ఉన్నవి ఇప్పటికీ ఉలి దిగనంత గట్టిగా ఉన్నాయి. చూరు దగ్గర వాన కొట్టిన చివరలే పోయాయి. 64 మార్చాం, మిగిలినవి చివర కోసి పైకి జరిపాం. చేవ లేని పచ్చి తాటి వాసం ఎంత చవకగా వచ్చినా వద్దు, రెండేళ్లకి పురుగు పడుతుంది. పాతవాటికీ కొత్తవాటికీ బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం పట్టించాం.

*పెంకులు.* మొత్తం కప్పు వాలుతో కలిపి దాదాపు 3,900 చదరపు అడుగులు. నూరు చదరపు అడుగులకి 150 పెంకుల లెక్కన 5,850 కావాలి. దించినవాటిలో తట్టినప్పుడు ఖంగుమని మోగినవి 3,450. బొదబొదమన్నవి పక్కన పెట్టాం, అందులో కంటికి కనపడని చీలిక ఉంటుంది. తరుగు కలుపుకుని 2,650 పాతవే, పడగొట్టిన ఒక ఇంటి దగ్గర్నుంచి కొన్నాం.

ఇక్కడ గమనించాల్సింది చాలా ముఖ్యం. బంగాళా పెంకు వెనక ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది. మంగుళూరులో బాసెల్ మిషన్ 1865లో మొదలుపెట్టాక ఎన్నో ఫ్యాక్టరీలు అదే ఆకారం పోశాయి, కానీ గాడి కొలతలు అన్నిటికీ ఒకటి కావు. మా పెంకులకీ కొన్న పెంకులకీ పావు అంగుళం తేడా. మొదటి భాగంలో రెండూ కలిపి వేశారు, వానకి సరిగ్గా రెండు రకాలు కలిసిన గీత వెంబడే కారింది. విప్పి, ముద్రల వారీగా వేరు చేసి, ఒక్కో వాలు మొత్తం ఒకే రకంతో వేశాం. రీపర్ల (పెంకులు ఆనే అడ్డ చెక్కల) మధ్య దూరం కూడా పాతవాటికి పన్నెండున్నర అంగుళాలు, కొన్నవాటికి పన్నెండుంబావు. రీపర్లు కొట్టే ముందే పది పెంకులు నేల మీద వరసగా పేర్చి, మొత్తం కొలిచి పదితో భాగించండి, అదే మీ దూరం.

*లోమూలలు.* మండువా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ కారే చోటు రెండు వాలులు కలిసే నాలుగు లోమూలలే. పాత రేకు 12 అంగుళాల వెడల్పు, తుప్పు పట్టి జల్లెడైంది. మార్కెట్లో దొరికే 18 అంగుళాల రేకు వేస్తే జడివానకి అంచు దాటి అటకలోకి దూకింది. 24 అంగుళాలది, రెండంచులూ అంగుళం పైకి మడిచి వేయించాక ఆగింది. ఆ తర్వాత వచ్చిన వాయుగుండంలో అటకలో పరిచిన పాత పేపర్ల మీద ఒక్క చుక్క మరక లేదు.

ఖర్చు:
- తాటి వాసాలు 64 × ₹950 = ₹60,800
- రీపర్లు 2,600 అడుగులు × ₹22 = ₹57,200
- పాత టేకు అయిదున్నర ఘనపుటడుగులు = ₹22,000
- పెంకులు 2,650 × ₹14 = ₹37,100
- కొప్పు పెంకులు 110 × ₹45 = ₹4,950
- వడ్రంగి, కప్పు కూలీ = ₹2,35,000
- రవాణా, రేకు, బోల్టులు, నూనె, మందు = ₹31,000

దశ మొత్తం ₹4,48,050. చదరపు అడుగుకి దాదాపు ₹115.
ఇప్పటిదాకా మొత్తం: ₹6,31,350

దశ 4: గోడలు

సిమెంటు ప్లాస్టరింగు ఊడగొట్టడానికి కరెంటు సుత్తి వాడనివ్వలేదు. పాత ఇటుక సిమెంటు కంటే మెత్తన, మిషను పెడితే ఇటుక ముఖం కూడా ఊడొస్తుంది. ఉలి, చిన్న సుత్తి, ఓపిక. ఊడదీశాక వెంటనే పూయకుండా గోడల్ని ఎండాకాలమంతా అలాగే వదిలేశాం. బయటికి వచ్చిన ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపి చేటలోకి ఎత్తి పారబోశాం. తడి గుడ్డతో తుడిస్తే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

*సున్నం.* పిడుగురాళ్ల నుంచి గడ్డ సున్నం, 1.2 టన్నులు. పొడి బస్తాలు వద్దు, గాలికి అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. గడ్డ తేలిగ్గా ఉండాలి, నీళ్లలో వేస్తే వెంటనే బుసకొట్టి పగలాలి.

1. గుంటలో ముందు నీళ్లు, తర్వాత సున్నం గడ్డలు కొద్దికొద్దిగా. సున్నం మీద నీళ్లు పోయకూడదు, చిమ్ముతుంది. కళ్లద్దాలు, గ్లౌజులు, బూట్లు. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.
2. ఉడకడం ఆగాక జల్లెడ పట్టి, పైన ఎప్పుడూ నాలుగు వేళ్ల నీరు నిలిచేలా చూసుకుంటూ నెలకి పైగా నానబెట్టడం.
3. ఎద్దు గానుగ ఇప్పుడు దొరకదు. మోటారుతో రాతి చక్రాలు తిరిగే మిక్సరు అద్దెకి తెచ్చాం. జిగురు సాగేదాకా, అంటే తాపీ తిరగేసినా ముద్ద అంటుకునే ఉండేదాకా రుబ్బాలి.
4. కరక్కాయలు చితక్కొట్టి నానబెట్టిన నీళ్లు, నల్ల బెల్లం నీళ్లు. బెల్లం ఎక్కువైతే చీమలు పడతాయి, గోడ ఆరదు.

*నమూనాలు.* గోడ మీద రెండడుగుల చదరాలుగా నాలుగు పూయించి చూశాం.

1. సున్నం 1, ఇసుక 2: వారంలో వెంట్రుకంత పగుళ్లు.
2. సున్నం 1, ఇసుక 3: పగల్లేదు. పొడి గోడకి ఇదే వాడాం.
3. సున్నం 1, ఇటుక పొడి 1, ఇసుక 2: కింది నాలుగడుగుల తడి భాగానికి ఇది. ఇటుక బాగా కాలి నల్లబడింది పనికిరాదు, కాస్త తక్కువ కాలిన ఎర్ర ఇటుక పొడే సున్నాన్ని తడిలో గట్టిపరుస్తుంది.
4. సున్నం 1, ఇసుక 3, కొంచెం సిమెంటు: మేస్త్రీ గారి కోరిక మీద. "గుప్పెడు వేస్తే గట్టిగా పడతాదండి" అన్నారు. గట్టిగానే పట్టింది, కానీ మళ్లీ మీటరు పెడితే ఆ చదరం వెనక తేమ మిగిలిన మూడింటి కంటే ఎక్కువ. మీటరు ఆయన చేతికే ఇచ్చి చూపించాక ఆ మాట మళ్లీ రాలేదు, పైగా మిగతా పనివాళ్లకి ఆయనే చెప్పడం మొదలుపెట్టారు.

*తెల్ల పొక్కు.* తూర్పు వసారాలో పూసిన మొదటి భాగం ఆరగానే తెల్లటి బూజులా ఉప్పు పొడిచింది. ఇసుక గోదావరిదే, కడిగిందే. చివరికి నీళ్లు చూస్తే పనివాళ్లు దగ్గర్లో ఉందని బోరు మోటారు వేసుకుంటున్నారు, టీడీఎస్ 1,900. కాలువ నీళ్లు 240. ఆ భాగం గీకి, కాలువ నీళ్లతో మళ్లీ కలిపి పూయించాం, పొక్కు రాలేదు. సముద్రానికి దగ్గర ఊళ్లలో సున్నం పని పెట్టుకునేవాళ్లు మొదట కొనాల్సింది ఆరొందల రూపాయల టీడీఎస్ మీటరు.

*పూత.* ఒక్కో పూత 8 నుంచి 10 మి.మీ., రెండు పూతల మధ్య కనీసం వారం. రోహిణి కార్తె ఎండల్లో పూయొద్దు, సున్నం గట్టిపడకుండానే ఎండిపోయి చేత్తో గీకితే రాలుతుంది. తడి గోనె సంచులు వేలాడదీసి పది రోజులు తడిపాం.

సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చుకుని మళ్లీ రాయిగా మారాలి. ఎంత లోతు మారిందో తెలుసుకోవడానికి లాబు అక్కర్లేదు, పసుపు నీళ్లు చాలు. మూలలో చిన్న ముక్క విరిచి ఆ అంచు మీద పసుపు నీళ్లు చల్లితే, ఇంకా మారని సున్నం పారాణిలా ఎర్రబడుతుంది, మారినంత మేర పసుపుగానే ఉంటుంది. నెల తర్వాత చూస్తే బయటి 3, 4 మి.మీ. పసుపు, లోపలంతా ఎరుపు. అందుకే వెల్ల వేయడం ఇంకా వాయిదా వేశాం. కచ్చితమైన పరీక్ష కాదు, కానీ తొందరపడే పనివాణ్ణి ఆపడానికి ఇంతకంటే మంచిది నాకు తెలియదు.

పడమటి గోడ, కప్పు పూర్తయిన ఎనిమిది నెలల తర్వాత, అదే మీటరు, అవే గుర్తులు:
- 1 అడుగు దగ్గర 69 (ముందు 96)
- 3 అడుగుల దగ్గర 38 (ముందు 88)
- 5 అడుగుల దగ్గర 19 (ముందు 71)

ఏ వాటర్‌ప్రూఫ్ రసాయనమూ వాడకుండా వచ్చిన అంకెలివి. నీళ్ల దారి మార్చడం, గోడకి ఊపిరి ఆడనివ్వడం, ఈ రెండే చేశాం.

ఖర్చు (2,150 చదరపు అడుగులకి): సిమెంటు ఊడదీయడం ₹64,000, సున్నం ₹14,400, దాని రవాణా ₹9,000, ఇసుక, ఇటుక పొడి ₹21,000, కరక్కాయ, బెల్లం ₹6,800, మిక్సరు అద్దె ₹18,000, తాపీ కూలీ ₹1,61,250, గీకి మళ్లీ చేసింది ₹11,000. మొత్తం ₹3,05,450.
ఇప్పటిదాకా మొత్తం: ₹9,36,800

దశ 5: మండువా రాళ్లు, కరెంటు

ఇది క్లుప్తంగా. మండువాలో పరిచిన రాళ్లు ఎత్తేముందు ఒక్కోదాని మీద సుద్దతో అంకె వేసి, ఫొటో తీసి, అదే వరసలో మళ్లీ పరిచాం. తూము వైపు 14 అడుగులకి 3 అంగుళాల వాలు. సందుల్లో ఇటుక పొడి కలిపిన సున్నం, సిమెంటు లేదు.

వైరింగు కోసం గోడలు చెక్కనివ్వలేదు. గొట్టాలు దూలాల వెనక నుంచి, స్తంభాల పక్క నుంచి పైపైనే వేశారు. కనిపిస్తాయి, నాకేం అభ్యంతరం లేదు, రేపు మార్చాల్సి వస్తే గోడ ముట్టుకోకుండా మార్చుకోవచ్చు. ఎర్తింగు కొత్తగా వేయించాం.

ఖర్చు: రాళ్లు ₹38,500, వైరింగు ₹92,000, మొత్తం ₹1,30,500
ఇప్పటిదాకా మొత్తం: ₹10,67,300

మిగిలిన పని

1. తూర్పు గదుల ప్లాస్టరింగు, 900 చదరపు అడుగులు. పాత లెక్కన చదరపు అడుగుకి ₹142, అంటే ₹1.28 లక్షల దాకా. సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు.
2. ఎర్ర గచ్చు మూడు గదుల్లో పగిలింది. మొత్తం తీసి టైల్స్ వేయమని అందరూ అంటున్నారు. టైల్స్ వేస్తే నేల తేమ మళ్లీ గోడలోకే తిరుగుతుంది కాబట్టి వేయడం లేదు. పగుళ్లు మాత్రమే పూడ్చి రుద్దే మనిషి కోసం వెతుకుతున్నాం. ఆ రంగు కలపడం తెలిసినవాళ్లు తగ్గిపోయారు.
3. వీధి ద్వారబంధం కింది గడప ఒక వైపు చెదలు తిన్నది. చెదల మందు కొట్టించాం, పుట్ట ఎక్కణ్ణుంచి వస్తోందో ఇంకా దొరకలేదు. అది దొరికేదాకా కొత్త చెక్క అతికించేది లేదు.
4. పడమటి గోడ ఒక అడుగు ఎత్తులో 69 ఇంకా ఎక్కువే. ఇంకో వానాకాలం చూసి, 60 కిందకి రాకపోతే అటువైపు కంకర కందకాన్ని మరో అడుగు లోతు చేస్తాం.

వచ్చే ఎంట్రీ గచ్చు పని మీద ఉంటుంది. నల్ల బెల్లం, కరక్కాయ పాళ్ల గురించి అడిగినవాళ్లకి: సున్నం ఊరిని బట్టి మారుతుంది, మా పాళ్లు మీకు సరిపోతాయని అనుకోకుండా రెండడుగుల చదరం పూసి, నెల ఆగి, పసుపు నీళ్లు చల్లి చూడండి.